బైజెరింక్ ప్రయోగంలో అజటోబాక్టర్ పొర కట్టడం లేదు

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1895 నుంచి 1921 దాకా ప్రొఫెసర్‌గా పనిచేసిన మార్టినస్ బైజెరింక్, గాలిలోని నత్రజనిని సొంతంగా వాడుకునే అజటోబాక్టర్ అనే బ్యాక్టీరియా గురించి 1901లో ప్రకటించారు. నత్రజని లేని ద్రవంలో కాస్త మట్టి వేసి ఏది బతుకుతుందో చూడటం ఆయన పద్ధతి. ఎంత గొప్ప ఆలోచనో! మా డిగ్రీ పిల్లలకు అది కళ్లారా చూపించాలని నా పట్టుదల.

లీటరు నీటికి మానిటాల్ (చక్కెర లాంటి పదార్థం) 20 గ్రాములు, డైపొటాషియం ఫాస్ఫేట్ 0.2 గ్రాములు కలిపాను. 250 మి.లీ. కోనికల్ ఫ్లాస్కులో 100 మి.లీ. పోసి, చిటికెడు తోట మట్టి వేసి, దూది బిరడా పెట్టి, 30 డిగ్రీల దగ్గర కదపకుండా ఉంచాను. మూడు నాలుగు రోజుల్లో పైన పలచని పొర రావాలి. వారం దాటినా రాలేదు. ద్రవం మసకబారింది, బుడగలు వస్తున్నాయి, మూత తీస్తే పాడైన వెన్న వాసన. పీహెచ్ 7.2 నుంచి 5.5కి పడిపోయింది, అంటే ద్రవం పులుపెక్కింది. మైక్రోస్కోపులో సన్నటి కడ్డీలే తప్ప లావుపాటి కోడిగుడ్డు ఆకారం అజటోబాక్టర్ కణాలు ఒక్కటీ లేవు. మట్టి మార్చాను, డిస్టిల్డ్ వాటర్ బదులు కుళాయి నీళ్లు వాడాను. అయినా అదే వరస. వచ్చే వారమే ప్రాక్టికల్స్, టెన్షన్‌గా ఉంది.

ఈ పొర తెప్పించినవాళ్లు చెప్పండి, ముందుగా క్యాల్షియం కార్బోనేట్ కలిపి పులుపు తగ్గించాలా, లేక గాలి ఆడేలా ద్రవం లోతు తగ్గించాలా?