చెల్లికి పెళ్లి కుదిరింది, వాల్ప్రోయేట్ వాడుతోంది. ఆపాలా, మార్చాలా?

పెద్దక్క: మా చెల్లికి 24 ఏళ్లు. ఇంటర్‌లో ఉండగా పొద్దున లేవగానే చేతులు అదిరి చేతిలో గ్లాసు జారిపోయేది, తర్వాత పెద్ద ఫిట్స్ వచ్చింది. అప్పటినుంచి సోడియం వాల్ప్రోయేట్ 500 రెండు పూటలా వేసుకుంటోంది, మళ్లీ రాలేదు. మాఘంలో పెళ్లి. ఈ మందు వాడుతూ నెల తప్పితే బిడ్డకి ప్రమాదమని ఇప్పుడు చదువుతున్నా, ఇన్నేళ్లూ మాకెవరూ చెప్పలేదు. అమ్మేమో అత్తగారింట్లో మాత్రలు కనిపిస్తే గొడవ, పెళ్లికి ముందే మాన్పించేద్దాం అంటోంది. ఆపొచ్చా?

న్యూరో పీజీ: సొంతంగా మాత్రం ఆపకండి. మీరు చెప్పిన లక్షణాలు జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీలా, అంటే టీనేజీలో మొదలై పొద్దున పూట అదురు వచ్చే రకం మూర్ఛలా ఉన్నాయి (చూడకుండా ఖాయంగా చెప్పలేను). అందులో మందు మానేస్తే ఫిట్స్ తిరగబెట్టడం చాలా ఎక్కువ, పైగా నిద్ర లేకపోతే ఇంకా తొందరగా వస్తాయి, పెళ్లింట్లో నిద్రెక్కడుంటుంది చెప్పండి. ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి రావచ్చు.

అలాగని ఇదే మందుతో గర్భం దాల్చడమూ మంచిది కాదు. మామూలుగా వందమంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో పెద్ద లోపాలుంటే, వాల్ప్రోయేట్ వాడిన తల్లుల పిల్లల్లో దాదాపు పదిమందికి ఉంటాయి: వెన్నుపాము సరిగా మూసుకోకపోవడం, గుండె లోపాలు, గ్రహణం మొర్రి. నూటికి 30, 40 మందికి మాటలు, చదువు ఆలస్యమవుతాయి, ఆటిజం అవకాశమూ పెరుగుతుంది. డోసు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది గానీ ఇంత తక్కువైతే పర్లేదు అనే డోసు లేదు. వెన్నుపాము మూసుకునేది గర్భం వచ్చిన మొదటి నాలుగు వారాల్లోనే, అంటే నెల తప్పిందని తెలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికే అది అయిపోతుంది. అందుకే మార్పు ముందే జరగాలి.

ఎక్కువగా లెవెటిరాసెటమ్ అనే వేరే ఫిట్స్ మందుకి మారుస్తారు. లామోట్రిజిన్ కూడా గర్భంలో సురక్షితమే గానీ ఈ రకం ఫిట్స్‌లో కొందరికి అదురు పెంచుతుంది. కొత్తది పెంచుతూ పాతది తగ్గించడానికి వారాలు, నెలలు పడుతుంది, ఆ తర్వాత కొన్నాళ్లు ఫిట్స్ లేకుండా ఉందో లేదో చూడాలి. ఫోలిక్ యాసిడ్ 5 ఎంజీ ముందునుంచే రాస్తారు, అయితే అది వేసుకుంటే వాల్ప్రోయేట్ ప్రమాదం పోతుందనుకోవద్దు.

ఇద్దరు పిల్లల తల్లి: నాది వేరే రకం ఫిట్స్, లామోట్రిజిన్ మీదే రెండు కాన్పులూ అయ్యాయి. కడుపుతో ఉన్నప్పుడు రక్తంలో ఆ మందు బాగా పడిపోతుంది, నాకు డోసు పెంచుతూ వచ్చి డెలివరీ అయ్యాక మళ్లీ తగ్గించారు. పాలు కూడా ఇచ్చాను. లెవెటిరాసెటమ్ మొదలుపెడితే మీ చెల్లి ఊరికే చిరాకు పడుతోందేమో, దిగులుగా ఉంటోందేమో గమనించండక్కా, కొందరికి అలా అవుతుంది, పెళ్లి టెన్షన్ అని కొట్టిపారేయకుండా డాక్టర్‌కి చెప్పండి.

మెడికల్ షాప్ అన్న: ఇంగ్లండ్‌లో 2024 జనవరి నుంచి 55 ఏళ్ల లోపు వాళ్లకి కొత్తగా వాల్ప్రోయేట్ మొదలుపెట్టాలంటే ఇద్దరు స్పెషలిస్టులు ఒప్పుకోవాలి. మన దగ్గర పాత చీటీ చూపించి ఏళ్ల తరబడి కొనుక్కుపోతారు, మధ్యలో ఎవరూ అడగరు. ఒకటి గుర్తుపెట్టుకోండి, వాల్పారిన్, ఎన్‌కోరేట్ అని పేర్లు వేరైనా లోపలున్నది ఇదే. మైగ్రేన్‌కీ, బైపోలార్‌కీ కూడా రాస్తారు, కాబట్టి అట్ట మీద చిన్నక్షరాలు చదవండి.

పెద్దక్క: అయితే పెళ్లి వాయిదా వేయాలా?

న్యూరో పీజీ: అక్కర్లేదండీ, వాయిదా వేయాల్సింది గర్భం. మందు మారి కుదురుకునేదాకా నమ్మకమైన గర్భనిరోధకం వాడాలి. లెవెటిరాసెటమ్‌కి పిల్స్‌తో పేచీ లేదు. ఫెనిటాయిన్, కార్బమాజెపిన్ అనే ఫిట్స్ మందులు వాడేవాళ్లకి మాత్రం పిల్స్ సరిగా పనిచేయవు, లామోట్రిజిన్‌కైతే ఈస్ట్రోజెన్ ఉన్న పిల్స్ వల్ల రక్తంలో ఆ మందే తగ్గిపోతుంది. కాపర్ టీకి ఈ గొడవేదీ లేదు. ఒకవేళ ఈలోపు నెల తప్పినా మాత్ర ఆపకుండా వెంటనే న్యూరాలజిస్ట్‌ని కలవాలి.

ఇద్దరు పిల్లల తల్లి: అబ్బాయికి ముందే చెప్పేయండి. మూర్ఛ ఉంటే పెళ్లిని రద్దు చేయించుకునే వీలిచ్చే మాటని హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. దాచిపెట్టి బాత్రూంలో మాత్ర వేసుకునే కోడలు ఒక పూట మర్చిపోతుంది, అప్పుడు ఫిట్సే అందరికీ చెప్తుంది.

పెద్దక్క: అమ్మకి ఇవన్నీ చదివి వినిపించా, ఆపడం మాట ఇప్పటికి ఎత్తట్లేదు. గురువారం న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్తున్నాం, పాత చీటీలు, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) రిపోర్ట్ తీసుకెళ్తా. అబ్బాయికి చెల్లే ఫోన్ చేసి మాట్లాడతానంది.