పడకగది సీలింగ్ స్పీకర్లను టీవీకి కలపడం: మీలో ఎవరైనా చేశారా?

బురుజు నీడ, కర్నూలు:
ఈ మధ్య ఒక పాత ఇల్లు కొన్నాము. పడకగది ఫాల్స్ సీలింగులో మంచానికి అటొకటి ఇటొకటి గుండ్రటి స్పీకర్లు ఉన్నాయి. వాటి తీగలు టీవీ వెనక గోడ డబ్బాలోకి దిగాయి, కొసలకు నల్ల టేపు చుట్టి ఉంది. ఇల్లు అమ్మినవారు మధ్యలో ఉన్న పెట్టె ఏదో తీసుకుపోయినట్టున్నారు. అడుగుదామంటే ఫోను ఎత్తడం లేదు. టీవీ వెనక హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ, హెడ్‌ఫోన్ రంధ్రం, మూత ఉన్న ఒక చిన్న చదరపు రంధ్రం తప్ప స్పీకరు తీగ దూర్చే చోటే లేదు. మా ఎలక్ట్రీషియన్ మాత్రం "హెడ్‌ఫోన్ పిన్ను కొని తీగలు అతికించేద్దాం సార్" అంటున్నాడు. నాకు ధైర్యం చాలడం లేదు.

గడియార స్తంభం, అనంతపురం:
ఆ పిన్ను పని చేయించకండి. హెడ్‌ఫోన్ రంధ్రంలో వచ్చే కరెంటు చెవికి చాలుతుంది, స్పీకరును కదిలించలేదు. పైగా టీవీలోని సర్క్యూటు మీద భారం పడుతుంది. మధ్యలో శబ్దానికి బలం పోసే యాంప్లిఫయర్ ఉండి తీరాలి.

టీవీ నుంచి యాంప్లిఫయరుకు శబ్దం తీసుకుపోవడానికి మంచి దారులు రెండు. హెచ్‌డీఎంఐ రంధ్రాల్లో ఒకదాని పక్కన 'ఏఆర్‌సీ' అని రాసి ఉంటుంది. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4తో మొదలైన సౌకర్యం ఇది. శబ్దం ఆ తీగలోనే టీవీ నుంచి వెనక్కి వస్తుంది. మీరు చెప్పిన మూత ఉన్న చదరపు రంధ్రం ఆప్టికల్, అంటే శబ్దాన్ని వెలుతురుగా పంపేది. నా ఓటు ఏఆర్‌సీకే, ఎందుకంటే టీవీ రిమోటుతోనే యాంప్లిఫయర్ శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది. ఆప్టికల్ అయితే చాలా టీవీల్లో శబ్దం ఒకే స్థాయిలో బయటికి వస్తుంది, యాంప్లిఫయర్ రిమోటు వేరుగా వెతుక్కోవాలి. రాత్రి చీకట్లో దిండు కింద రెండు రిమోట్లు తడుముకోవడం ఎలా ఉంటుందో నన్నడగండి.

ఏఆర్‌సీ పనిచేయాలంటే టీవీలో సీఈసీ ఆన్ చేయాలి, అంటే హెచ్‌డీఎంఐ తీగ ద్వారా ఒక పరికరం ఇంకోదాని మాట వినే ఏర్పాటు. దీనికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది: సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్జీలో సింప్లింక్, సోనీలో బ్రావియా సింక్. ఇంకొకటి, టీవీ డిజిటల్ ఆడియోను 'పీసీఎం'లో, అంటే కుదించని మామూలు శబ్దంలో పెట్టండి. 'ఆటో'లో ఉంటే కొన్ని కార్యక్రమాలకు డాల్బీ అనే కుదించిన శబ్దం వెళ్తుంది. చిన్న యాంప్లిఫయర్లకు అది అర్థం కాదు, నోరు మూసుకుని కూర్చుంటాయి. నేను ఒక ఆదివారం పూట మొత్తం తీగలు మారుస్తూ గడిపాక తెలిసింది, తప్పు సెట్టింగులో ఉందని.

తుంగభద్ర గట్టు, కర్నూలు:
ఇంత తంటా ఎందుకు? టీవీ కింద ఒక సౌండ్‌బార్ పెట్టుకుంటే పోదా? మాట బొమ్మ దగ్గరి నుంచే వస్తుంది. నెత్తిమీద స్పీకర్లు హోటల్ వరండాకు బాగుంటాయి.

బురుజు నీడ, కర్నూలు:
@తుంగభద్ర గట్టు, మీ మాట కాదనను. కానీ ఉన్నవాటిని వదిలేసి కొత్తది కొనడానికి మనసు రావడం లేదు.

@గడియార స్తంభం గారూ, మీరు చెప్పినట్టే ఏఆర్‌సీ ఉన్న చిన్న యాంప్లిఫయర్ తెప్పించాను. డబ్బా మీద చానల్‌కు 50 వాట్లు అని ఉంది. తీగలు బిగించాను, సెట్టింగులు మార్చాను. రిమోటు మాట కూడా వింటోంది. కానీ శబ్దం దోమ రొదలా ఉంది! 100కి పెట్టినా పక్కగదిలో ఎవరో రేడియో పెట్టినట్టుంది. యాంప్లిఫయర్ పాడైందా?

మైకుసెట్టు మామ, ఆదోని:
యాంప్లిఫయర్ బాగానే ఉంది, దాని మీద నింద వేయకండి. ముప్ఫై ఏళ్లుగా పెళ్లిళ్లకు, జాతరలకు, వినాయక చవితి పందిళ్లకు మైకుసెట్లు కడుతున్నవాడిని, మీ వర్ణన వినగానే అనుమానం వచ్చింది. ఒక స్పీకరు విప్పి వెనక చూడండి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉందా? మల్టీమీటర్ ఉంటే తీగల కొసల మధ్య కరెంటుకు ఎదురయ్యే అడ్డును, అంటే ఓమ్‌లు కొలిచి చెప్పండి. కొలిచేటప్పుడు యాంప్లిఫయర్ నుంచి తీగలు పీకేయాలి సుమా.

బురుజు నీడ, కర్నూలు:
జాలీ ఊడదీసి నాలుగు స్క్రూలు వదులు చేస్తే స్పీకరు చేతిలోకి దిగింది. దాంతోపాటు దోసెడు సున్నపు పొడి, రెండు బల్లి గుడ్ల పెంకులు నా తలమీద పడ్డాయి. వెనక అగ్గిపెట్టెకు రెండింతలున్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని నుంచి నాలుగు రంగుల తీగలు వచ్చాయి. పక్కన చీటీ మీద 6 వాట్లు, 3 వాట్లు, 1.5 వాట్లు, కామ్ అని ఉంది. అయస్కాంతం మీద 8 ఓమ్‌లు అని ముద్ర ఉంది. మీటరు మాత్రం 140 చూపిస్తోంది!

మైకుసెట్టు మామ, ఆదోని:
దొరికింది. అవి ఇంటి స్పీకర్లు కావు, 100 వోల్టుల లైన్ స్పీకర్లు. బడుల్లో, గుళ్లలో, పెద్ద దుకాణాల్లో పెట్టేవి. ఒక యాంప్లిఫయర్ నుంచి వందల అడుగుల తీగ లాగి ఇరవై ముప్ఫై స్పీకర్లు కట్టాలంటే మామూలు పద్ధతిలో శబ్దమంతా తీగలోనే అరిగిపోతుంది. అందుకని వోల్టేజీ పెంచి, కరెంటు తగ్గించి పంపుతారు. ఊళ్లకు కరెంటు పెద్ద లైన్లలో వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తగ్గినట్టే, ప్రతి స్పీకరు దగ్గరా ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మళ్లీ తగ్గిస్తుంది.

మీ కొత్త యాంప్లిఫయర్ 8 ఓమ్‌లకు 50 వాట్లు ఇస్తుందనుకున్నా దాని వోల్టేజీ 20 దగ్గర ఆగిపోతుంది. 100 ఆశించే చోట 20 ఇస్తే శక్తి ఐదో వంతు కాదు, ఇరవై ఐదో వంతు అవుతుంది. అంటే 6 వాట్ల స్పీకరుకు పావు వాటు కూడా అందదు. దోమ రొద అదే.

రెండు దారులున్నాయి. లైన్ యాంప్లిఫయర్ కొనడం ఒకటి, అది పడకగదికి దండగ. రెండోది, ట్రాన్స్‌ఫార్మర్ తప్పించి తీగను నేరుగా స్పీకరు కొనలకు టంకం వేయడం. మీటరు పెట్టి కొన మీద చూడండి, 6 ఓమ్‌లకు అటూఇటూగా చూపిస్తే అది 8 ఓమ్‌ల స్పీకరే. మీటరు ఎప్పుడూ కాస్త తక్కువే చూపిస్తుంది. కానీ గుర్తుంచుకోండి, 6 వాట్ల స్పీకరు అది, 50 వాట్లు పోస్తే కాలిపోతుంది. పడకగదికి ఒక వాటు కూడా ఎక్కువే.

ఇంకో మాట. ఎవరూ దీన్ని తిరగేసి చేయకండి. 8 ఓమ్‌ల ఇంటి స్పీకరును గుడి యాంప్లిఫయర్ 100 వోల్టుల కొనకు తగిలిస్తే క్షణంలో పొగ వస్తుంది. నా కళ్లతో చూశాను, తగిలించింది మా కుర్రాడే.

గండికోట కోడలు, జమ్మలమడుగు:
టంకం వేసేటప్పుడు ప్లస్, మైనస్ రెండింటికీ ఒకేలా ఉండేట్టు చూసుకోండి. మా ఇంట్లో ఒకటి తిరగబడింది. శబ్దం వస్తోంది కానీ డప్పు మోత చచ్చిపోయింది, మాట ఎటు నుంచి వస్తోందో తెలియలేదు. రంగు గుర్తులు లేకపోతే 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ను ఆ కొనలకు ఒక్క క్షణం తాకించండి. స్పీకరు ముందున్న అట్ట బయటికి ఉబికితే సెల్ ప్లస్ తగిలిన కొన ప్లస్. లోపలికి పోతే తారుమారు.

అంతకన్నా పెద్ద సంగతి ఫ్యాను. మా సీలింగ్ స్పీకర్లు ఫ్యాను రెక్కలకు దగ్గరగా పెట్టారు. చిన్నప్పుడు ఫ్యాను ముందు నోరు పెట్టి 'ఆ' అంటే గొంతు వణుకుతుంది కదా, వార్తలు చదివేవారి గొంతు అచ్చం అలా వణికేది. మన ఎండల్లో ఫ్యాను ఆపే ప్రసక్తి లేదు. చివరికి స్పీకర్లనే టీవీ గోడ వైపు జరిపించాను. పాత రంధ్రాలు పూడ్చడానికి మేస్త్రీకి ఇచ్చింది స్పీకర్ల ధరకు దగ్గరగా వచ్చింది.

గడియార స్తంభం, అనంతపురం:
జరిపించే పని పడితే ఒక సలహా. స్పీకరు తీగను కరెంటు తీగలున్న పైపులో దూర్చనివ్వకండి. సులువు కదా అని దూర్చేస్తారు, ప్రమాదమూ ఉంది, గుయ్యిమనే రొదా ఎక్కుతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు. 10 మీటర్ల దూరానికి రానుపోను కలిపి పావు ఓమ్ కూడా దాటదు. కేబుల్ టీవీ తీగ తగిలించినప్పుడే గుయ్యిమంటే మాత్రం అది ఎర్తింగ్ గొడవ. అప్పుడు ఆప్టికల్ వాడండి. అందులో పోయేది వెలుతురు కాబట్టి ఆ రొద దాటి రాలేదు.

బ్లూటూత్ సంగతి ఎవరూ ఎత్తలేదు, మంచిదే. పాటలకు సరే, సినిమాకు పెడితే పెదవి ముందు, మాట వెనక.

బురుజు నీడ, కర్నూలు:
నిన్న సాయంత్రం రెండింటికీ ట్రాన్స్‌ఫార్మర్లు తప్పించాను. మీటరు ఒకదానికి 6.3, రెండోదానికి 6.4 చూపించింది. సెల్ పరీక్ష చేస్తే ఒకదాని రంగులు నిజంగానే తారుమారై ఉన్నాయి. ఇప్పుడు రిమోటులో 18 దగ్గర పెడితే గది నిండుతోంది. ఫ్యాను దూరంగానే ఉంది కాబట్టి వణుకు లేదు.

@తుంగభద్ర గట్టు అన్నదీ నిజమైంది. తెరమీద మనిషి నోరు కదిపితే మాట పైనుంచి అశరీరవాణిలా వస్తోంది. మా ఆవిడ మాత్రం దీపం ఆర్పి పడుకుని పాత పాటలు వింటూ, ఇలాగే ఉండనివ్వండి అంటోంది. సినిమాకు టీవీ స్పీకర్లు, పాటలకు ఇవి అని పంచుకున్నాము.

మామా, ఆ ట్రాన్స్‌ఫార్మర్లు పారేయనా?

మైకుసెట్టు మామ, ఆదోని:
పారేయకండి, ఆదోని వైపు వచ్చినప్పుడు తెచ్చివ్వండి. మా గుడి స్పీకర్లలో రెండింటివి పోయిన వానలకు తడిసి కాలిపోయాయి.