అప్‌డేట్: పాప అన్నప్రాశన వీడియోలు దొరికాయి

తిరుపతిలో మా ఇంట్లో 2012లో హ్యాండీక్యామ్‌తో తీసిన వీడియోలు బ్యాకప్ డిస్క్‌లో లేవని, ఫొటోలే ఉన్నాయని పోయిన వారం అడిగాను కదా. దొరికాయండీ! మేం డీసీఐఎం ఫోల్డర్ ఒక్కటే చూశాం. అందులో ఉండేది ఫొటోలే. మా హ్యాండీక్యామ్ లాంటి ఏవీసీహెచ్‌డీ (వీడియోలు రికార్డు చేసే ఒక ఫార్మాట్) కెమెరా వీడియోలను ప్రైవేట్, ఏవీసీహెచ్‌డీ, బీడీఎంవీ, స్ట్రీమ్ అని ఒకదాని లోపల ఒకటి ఉండే ఫోల్డర్లలో పెడుతుంది. ఫైళ్ల పేర్లు కూడా 00000.ఎంటీఎస్ లాంటివే ఉంటాయి, ఎంపీ4 అని వెతికితే ఎలా దొరుకుతాయి? మీరు చెప్పినట్టు ఎంటీఎస్ అని వెతికితే 23 వచ్చాయి.

వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో మొదటిది తెరిచాను. మా అవ్వ వెండి గిన్నెలో పాయసం కలుపుతూ "నోరు తెరువు నాయనా" అంటోంది. ఆమె పోయి మూడేళ్లయింది. అమ్మ ఆ ముక్కే నాలుగుసార్లు పెట్టించుకుంది.

ఇప్పుడు ఫోల్డర్లు విడదీయకుండా మొత్తం ఇంకో డిస్క్‌లోకి కాపీ చేస్తున్నా.