లివర్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక వచ్చిన బయాప్సీ రిపోర్టు: 'ఇన్వేజన్ ఉంది' అంటే ఏమిటి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

శీను_చీపురుపల్లి:
అందరికీ నమస్కారం. నాన్నగారికి 61 ఏళ్లు. లివర్‌లో కుడివైపు గడ్డ ఉందని తేలితే పోయిన నెల విశాఖలో ఆపరేషన్ చేయించాం. హెపటైటిస్ బి ఉన్న సంగతి కూడా ఆపరేషన్ ముందు టెస్టుల్లోనే బయటపడింది. "గడ్డ మొత్తం తీసేశాం, అంచులు క్లియర్" అని సర్జన్ గారు చెప్పగానే ఇంట్లో అందరం ఏడ్చేశాం. అమ్మ పైడితల్లమ్మకు మొక్కు తీర్చుకోవాలని రోజులు లెక్కపెడుతోంది.

నిన్న బయాప్సీ రిపోర్టు చేతికొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో చదివాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. హెపటోసెల్యులర్ కార్సినోమా, ఒకటే గడ్డ, 4.5 సెం.మీ. ఎడ్మండ్సన్-స్టైనర్ గ్రేడ్ 3. మైక్రోవాస్కులర్ ఇన్వేజన్ ఉంది. శాటిలైట్ నాడ్యూల్స్ లేవు. మార్జిన్ 0.8 సెం.మీ, అక్కడ క్యాన్సర్ లేదు. మిగతా లివర్‌లో ఫైబ్రోసిస్ ఇషాక్ 5. స్టేజి పీటీ2.

డాక్టర్ గారిని కలవడానికి ఇంకా 9 రోజులుంది. మొత్తం తీసేశాక మళ్లీ 'ఇన్వేజన్ ఉంది' అంటే ఏటి అర్థం? ఇంట్లో ఎవరికీ ఇంకా చూపించలేదు. గూగుల్‌లో వెతికితే టెన్షన్ పెరుగుతోంది తప్ప ఏమీ తెలియడం లేదు.

నాగావళి:
శీను బాబూ, నేను డాక్టర్ని కాను. శ్రీకాకుళం వాడిని, హిస్టోపాథాలజీ ల్యాబుల్లో 27 ఏళ్లు టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. లివర్ ముక్క ల్యాబ్‌కి వచ్చాక ఏం జరుగుతుందో చెబితే రిపోర్టు కాస్త అర్థమవుతుంది.

థియేటర్ నుంచి ముక్క ఫార్మలిన్‌లో, అంటే కుళ్లకుండా ఉంచే ద్రవంలో వస్తుంది. సర్జన్ కోసిన వైపు రంగు సిరా పూస్తారు. తర్వాత అరటికాయ చక్రాల్లా వరసగా కోస్తారు. ఆ సిరాకీ గడ్డకీ మధ్య ఎంత దూరం ఉందో కొలిచి రాసేదే మార్జిన్. మీ నాన్నగారిది 8 మిల్లీమీటర్లు, సిరా దగ్గర క్యాన్సర్ లేదు. సర్జన్ గారు క్లియర్ అన్నది దీని గురించే. ఆయన మాట నిజమే, కానీ రిపోర్టులో అది ఒక్క లైను.

మైక్రోవాస్కులర్ ఇన్వేజన్, దాన్నే ఎంవీఐ అంటారు, అది వేరే సంగతి. గడ్డ అంచున, చుట్టుపక్కల ఉండే సన్నటి రక్తనాళాల్లో క్యాన్సర్ కణాల గుంపులు కనిపించాయని అర్థం. ఇది స్కాన్‌లో నేరుగా కనబడదు, ఆపరేషన్ చేసే సర్జన్ చేతికీ తగలదు. మైక్రోస్కోపు కిందే తెలుస్తుంది. రక్తనాళంలోకి దిగిన కణాలు ఆపరేషన్‌కి ముందే లివర్‌లో ఇంకోచోట చేరి ఉండొచ్చు. చేరాయని కాదు బాబూ, చేరి ఉండే అవకాశం ఎక్కువని. మొదటి 2 ఏళ్లలో తిరగబెడుతుందా అన్నది అంచనా వేయడానికి డాక్టర్లు ముఖ్యంగా వెతికే లైను ఇదే.

'ఉంది' అని రాసినంత మాత్రాన అందరిదీ ఒకే తీరు కాదు. ఎన్ని నాళాల్లో ఉంది, గడ్డకు ఎంత దూరంలో ఉంది అని అడగండి. చైనా డాక్టర్లు వాడే లెక్కలో 5 లేదా అంతకన్నా తక్కువ నాళాల్లో, గడ్డకు 1 సెం.మీ లోపల ఉంటే ఎం1. 5 దాటినా, 1 సెం.మీ అవతల కనబడినా ఎం2. తిరగబెట్టడం ఎం2 వాళ్లలో ఎక్కువ. ఇలా విడగొట్టి రాయని ల్యాబులు చాలా ఉన్నాయి, కానీ అడిగితే స్లైడు మళ్లీ చూడగలరు.

గ్రేడ్ అంటే కణాలు మామూలు లివర్ కణాల పోలికను ఎంత పోగొట్టుకున్నాయన్నది. 1954 నుంచి వాడుతున్న పద్ధతి, 1 నుంచి 4 దాకా. ఒకే గడ్డలో రెండు గ్రేడ్లు కలిసి ఉండటం మామూలే. దాన్నొక్కదాన్నే పట్టుకుని కుంగిపోకండి. శాటిలైట్ నాడ్యూల్స్ అంటే పెద్ద గడ్డ పక్కన ఉండే పిల్ల గడ్డలు, అవి లేవని రాశారు.

శీను_చీపురుపల్లి:
మాస్టారూ, మీకు చాలా రుణపడి ఉంటాను. మరి సర్జన్ గారు ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదు?

నాగావళి:
ఆయన మీతో మాట్లాడేటప్పటికి ఈ రిపోర్టు లేదు కదా బాబూ. ఫార్మలిన్ లోపలిదాకా పట్టాలి, మైనంలో బ్లాకులు కట్టాలి, కోసి రంగులద్దాలి, పాథాలజిస్టు ఒక్కో స్లైడూ చూడాలి. ఆ రోజు ఆయన కంటికి కనబడింది ఆయన చెప్పారు.

బొబ్బిలి_పద్మ:
శీను తమ్ముడూ, మీ రిపోర్టులో కనీసం ఆ లైను ఉంది. మావారి రిపోర్టులో ఎంవీఐ ఉందనీ లేదు, లేదనీ లేదు. అర పేజీ రిపోర్టు, 'లివర్ క్యాన్సర్, మార్జిన్ ఫ్రీ', అంతే. మేమూ దాన్ని మంచి రిపోర్టనే అనుకున్నాం. ఏమీ రాయకపోవడానికీ, లేదని రాయడానికీ తేడా ఉందని అప్పటికి నాకు తెలియదు. ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడగానే ఉంటుంది.

మా అన్నయ్య పట్టుబట్టి స్లైడ్లూ బ్లాకులూ ఇప్పించుకుని హైదరాబాద్‌లో రివ్యూకి ఇచ్చాడు. గడ్డ అంచు నుంచి తీసిన బ్లాకులు రెండే ఉన్నాయట, ఆ రెండిట్లో ఒకదాంట్లో ఎంవీఐ దొరికింది. దానితోపాటు గడ్డలో సగానికి పైగా కణాలు మందంగా దిమ్మెల్లా పేరుకుని ఉన్నాయని, దాన్ని మాక్రోట్రబెక్యులర్ మాసివ్ రకం అంటారని, 2019 డబ్ల్యూహెచ్ఓ వర్గీకరణలో విడిగా చేర్చిన రకమని, తొందరగా తిరగబెట్టే గుణం ఎక్కువని చెప్పారు.

అది విన్న రోజు నాకు అన్నం దిగలేదు. కానీ ఆ మాట వల్లే 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్ అన్నది 3 నెలలకోసారి ట్రైఫేజిక్ సీటీ (మందు ఎక్కించి మూడు దశల్లో తీసే స్కాన్), ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌కి చూసే రక్తపరీక్ష) అని మారింది. 14వ నెలలో 1.6 సెం.మీ మచ్చ కనబడింది. చిన్నగా ఉండటంతో సూది పెట్టి కాల్చేశారు, మళ్లీ కొయ్యాల్సిన పని పడలేదు. మూడో ఏడు నడుస్తోంది, పొలానికి వెళ్తున్నారు. రివ్యూ చేయించకపోతే ఆ మచ్చ ఎంతయ్యేదాకా మాకు తెలిసేది కాదో.

తోటపల్లి_రాము:
మా పక్క ఊళ్లో కామెర్లకు పసరు పోసే ఆయన ఉన్నాడు. లివర్‌కి బలం అంటారు. పంపిస్తే మంచిదేమో.

బొబ్బిలి_పద్మ:
రాము గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ లివర్‌లో కొంత తీసేసిన మనిషికి, మిగిలింది కూడా గట్టిపడి ఉంటే, ఏ ఆకు పసరైనా ఆ మిగిలిన దానిమీదే పడుతుంది. దయచేసి వద్దు.

ఉద్దానం_అల్లుడు:
మా అత్తగారిది కంచిలి మండలం. ఆవిడ రిపోర్టు మీదానికి పూర్తిగా వేరు. 3 సెం.మీ గడ్డ, గ్రేడ్ 2, ఎంవీఐ లేదు, మార్జిన్ 1.5 సెం.మీ. అందరూ చాలా బాగుందన్నారు. చివర్లో ఒక లైను ఉంది, 'మిగతా లివర్ సిరోసిస్' అని, అంటే మచ్చలు పడి గట్టిపడిపోయిందని. మేం దాన్ని పట్టించుకోలేదు. 3 ఏళ్లు స్కాన్లు సరిగ్గా చేయించి, తర్వాత జీడితోటల పనులు, పిల్లల పెళ్లి అని వాయిదా వేశాం. నాలుగో ఏట ఎడమవైపు గడ్డ వచ్చింది.

డాక్టర్ గారు అప్పుడు చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. 2 ఏళ్లలోపు వచ్చేది ఎక్కువగా పాత గడ్డ విత్తనమే, తర్వాత వచ్చేది చాలాసార్లు కొత్త గడ్డ, పాడైన నేలలో మళ్లీ మొలిచింది అన్నారు. గడ్డ గురించి రాసింది ఎంత ముఖ్యమో, గడ్డ లేని లివర్ గురించి రాసింది కూడా అంతే ముఖ్యం శీను గారూ. ఇషాక్ అంటే ఫైబ్రోసిస్‌ని, అంటే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే లెక్క. మీ నాన్నగారికి 5 అంటే 6కి ఒక్క మెట్టు కింద. 6 అంటే సిరోసిసే.

ఇంకొకటి, మా ఉద్దానం వైపు వాళ్లు తప్పక గుర్తుపెట్టుకోండి. మా అత్తగారికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ముందునుంచే ఎక్కువ. సీటీకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు ముందు ఆ సంగతి చెప్పాలి. హెపటైటిస్ బి కి రాసే టెనోఫోవిర్‌లో పాత రకం కిడ్నీల మీద భారం వేస్తుంది, టీఏఎఫ్ అనే కొత్త రకం ఆ భారం తక్కువ. ఎంటెకావిర్ అయితే కిడ్నీని బట్టి డోసు మారుస్తారు. లివర్ డాక్టర్‌కి కిడ్నీ కాగితాలు కూడా చూపించండి.

గజపతినగరం_పీజీ:
నేను పాథాలజీ పీజీ చదువుతున్నాను. నాగావళి మాస్టారు చెప్పినదానికి చిన్న చేర్పు. శీను గారూ, పీటీ అంటే తీసిన గడ్డను ల్యాబులో చూసి వేసే స్టేజి. 2 సెం.మీ దాటిన ఒంటి గడ్డకు రక్తనాళాల్లోకి దిగడం లేకపోతే పీటీ1బి, దిగితే పీటీ2. అంటే మీ నాన్నగారి స్టేజిని ఒక మెట్టు పెంచింది ఆ ఎంవీఐ ఒక్కటే. స్కాన్ చూసి మొదట చెప్పిన స్టేజికీ దీనికీ తేడా వస్తే ఎవరో తప్పు చేశారని అనుకోకండి.

చాలామంది అడిగేది ఇంకొకటి ఉంది, ఎంవీఐ ఉంటే కీమో ఎందుకు ఇవ్వలేదని. ఆపరేషన్ తర్వాత సొరాఫెనిబ్ మాత్రలిచ్చి చూసిన పెద్ద పరిశోధన 2015లో వచ్చింది, లాభం కనబడలేదు. 2023లో అటెజోలిజుమాబ్, బెవసిజుమాబ్ ఇంజెక్షన్లతో మొదట్లో తిరగబెట్టడం తగ్గినట్టు కనబడింది. తర్వాత ఇంకా ఎక్కువ కాలం చూస్తే ఆ తేడా నిలబడలేదు. కాబట్టి మందు రాయకుండా స్కాన్లు రాసి పంపితే మిమ్మల్ని వదిలేసినట్టు కాదు. మీ నాన్నగారికి ఇప్పుడు తప్పకుండా పనికొచ్చే మందు హెపటైటిస్ బి మాత్ర. అది వేసుకునేవాళ్లలో తిరగబెట్టడం తగ్గుతుంది, మిగిలిన లివర్ కూడా కాపాడబడుతుంది. ఎవరు చెప్పారని మధ్యలో ఆపొద్దు, డాక్టర్ చెబితే తప్ప.

రాజాం_సూరి:
మా అమ్మది పోర్టల్ వెయిన్, అంటే లివర్‌కి రక్తం తెచ్చే పెద్ద నాళం, దాని పెద్ద కొమ్మలోకే వెళ్లింది, పీటీ4. 8 నెలలు ఉంది. రిపోర్టు ఆవిడకు చూపించలేదు, భయపడుతుందని. ఆఖరి నెలలో "ఏటి బాబూ, తగ్గిపోయిందన్నారు గదా" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు. శీను, మీ నాన్నగారికి చెప్పండి. ఆయన భాషలో, ఆయన పట్టుకోగలిగినంత చెప్పండి. ఇంతకన్నా రాయలేను.

శీను_చీపురుపల్లి:
డాక్టర్ గారిని కలిసి 3 వారాలైంది, ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. మాస్టారు చెప్పినట్టే ఎన్ని నాళాల్లో అని అడిగాను. ఆయన పాథాలజీకి ఫోన్ చేసి కనుక్కున్నారు. రెండు నాళాల్లో, రెండూ గడ్డకు 1 సెం.మీ లోపలే. ఎం1 అన్నమాట. ఏఎఫ్‌పీ ఆపరేషన్ ముందు 640, ఇప్పుడు 9. మొదటి 2 ఏళ్లు 3 నెలలకోసారి సీటీ, ఏఎఫ్‌పీ, తర్వాత 6 నెలలకోసారి. క్రియాటినిన్ చూసి టీఏఎఫ్ రాశారు.

సూరి అన్నయ్యా, నాన్నకు చెప్పాను. పొలం గట్టుమీద కూర్చుని చెప్పాను. "గడ్డ తీసేశారు, వేళ్లు మిగిలాయేమో అని మూడేసి నెలలకు చూస్తారు" అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే జనవరిలో ఒకటి ఉంటాది, కోతలైపోతాయి, నాకు వీలే" అన్నారు. అమ్మకు కూడా ఆయనే చెప్పారు.

ఇంట్లో అందరికీ హెపటైటిస్ బి టెస్టు చేయించమన్నారు. మా తమ్ముడికి పాజిటివ్ వచ్చింది. వాడికి ఏ బాధా లేదు, వాడు నమ్మడం లేదు. వాడికి వైరల్ లోడు (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష), స్కాన్ రాశారు. నాకూ చెల్లికీ నెగటివ్, టీకా మొదటి డోసు వేయించుకున్నాం, నెల తర్వాత ఒకటి, 6 నెలలకు ఒకటి. కలిసి తింటే అంటదని, తల్లి నుంచి బిడ్డకు, రక్తం ద్వారా, లైంగికంగా, ఒకే బ్లేడు వాడితే వస్తుందని చెప్పారు. నాన్నకు విడిగా కంచం పెట్టే పని అమ్మకు తప్పింది.

పద్మ అక్కా, స్లైడ్లూ బ్లాకులూ రాతపూర్వకంగా అడిగాను, గురువారం ఇస్తామన్నారు. వాటిని ఇంట్లో ఎలా ఉంచాలి? మాది రేకుల ఇల్లు, ఎండాకాలం మండిపోతుంది.

బొబ్బిలి_పద్మ:
తీసుకున్న రోజే బ్లాకుల మీద నంబరు, రిపోర్టు నంబరు ఒకటేనా అని చూసుకో తమ్ముడూ. ఎన్ని ఇచ్చారో కాగితం మీద సంతకంతో రాయించుకో.

నాగావళి:
బ్లాకులు మైనమే బాబూ, 56 నుంచి 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇంట్లో అంత వేడి రాదు గానీ రేకు కింద అటక మీద, ఎండలో ఆపిన బండి డిక్కీలో పెట్టొద్దు. గురువారం బస్సులో వచ్చేటప్పుడు కిటికీ పక్కన ఎండ తగిలేలా ఒళ్లో పెట్టుకోకు. జిప్ కవర్లో వేసి, గట్టి స్టీలు డబ్బాలో పెట్టి, ఇంట్లో చల్లటి మూల, కుండ పక్కన నేలకు కాస్త ఎత్తుగా ఉంచు. చీమలూ ఎలకలూ చేరకుండా మూత బిగించు. స్లైడ్లు ఒకదానిమీద ఒకటి రుద్దుకోకుండా వాళ్లిచ్చిన పెట్టెలోనే ఉంచు. డబ్బా మీద నాన్నగారి పేరు, ఆపరేషన్ తేదీ రాసి అతికించు. నువ్వు ఊళ్లో లేనప్పుడు అది ఎక్కడుందో మీ చెల్లికి కూడా తెలిసి ఉండాలి.