ఎక్స్ యాక్సిస్ అరిగింది: నట్టు మారిస్తే చాలా, బాల్ స్క్రూ వేయాల్సిందేనా?

చెక్కపొట్టు: ఇంట్లో 3018 సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే చిన్న మెషీన్) మీద మూడేళ్లుగా నేమ్ ప్లేట్లు చెక్కుతున్నా, ఎక్కువగా ఎండీఎఫ్ (చెక్కపొట్టును అతికించి చేసిన పలక). ఈమధ్య సున్నా చుట్టమంటే కుడివైపు, ఎడమవైపు చిన్న మెట్టు పడుతోంది. హెడ్‌ని చేత్తో పట్టుకుని ఎక్స్ యాక్సిస్‌లో, అంటే కుడి ఎడమలకి, కదిపితే టక్ టక్‌మంటోంది. హెడ్‌ని జరిపే పొడవాటి స్క్రూ మీది నట్టు మార్చమని షాపాయన, దాని బదులు గుండ్ల మీద నడిచే బాల్ స్క్రూ వేయించమని మా బావ. ఏం చేయమంటారు?

లేత్‌మాస్టారు: ముందు మోటారునీ స్క్రూనీ కలిపే కప్లింగ్ గ్రబ్ స్క్రూ (చిన్న బిగింపు మర) బిగించి చూశారా? చివర బేరింగ్‌లో స్క్రూ ముందుకీ వెనక్కీ ఆడుతుంటే ఎన్ని నట్లు మార్చినా దండగే. అక్కడ గట్టిగా ఉంటే ఇత్తడి నట్టు మార్చండి. మెత్తది కాబట్టి ముందు అరిగేది అదే.

తిరుగుడుపువ్వు: బ్రో, నట్టు మార్చడమంటే పుచ్చిన పంటికి లవంగం పెట్టినట్టే. 1204 బాల్ స్క్రూ వేసెయ్. దాని లీడ్ (ఒక చుట్టుకి హెడ్ జరిగే దూరం) 4 మి.మీ. నీ పాతదీ అంతే అయితే మోటారుకి ఇచ్చిన మి.మీ.కి 800 స్టెప్పుల సెట్టింగ్ కూడా ముట్టుకోనక్కర్లేదు.

లేత్‌మాస్టారు: చెప్పినంత తేలికా బాబూ? 12 మి.మీ. కడ్డీ కొసలు టర్నింగ్ చేయించాలి, బేరింగ్ బ్లాకులు కావాలి, స్క్రూని పట్టుకునే ఆ బేకలైట్ పలకలు కొత్తగా చేయించుకోవాలి. పైగా ఎండీఎఫ్ పొడి! ఇత్తడి నట్టు అరిగితే వదులవుతుంది, అంతే. బాల్ నట్టులో పొడి చేరితే గరగరమని పట్టేస్తుంది.

సందుచివరిల్లు: ఆ లూజుని సాఫ్ట్‌వేర్‌లో సరిచేయలేమా?

తిరుగుడుపువ్వు: ఈ మెషీన్‌ని నడిపే జీఆర్‌బీఎల్ ప్రోగ్రాంలో ఆ సదుపాయం లేదు. మాక్3, లినక్స్‌సీఎన్‌సీ లాంటి వేరే ప్రోగ్రాముల్లో ఉంది. ఉన్నా, లూజున్న హెడ్‌ని బిట్టు తన వైపు లాక్కుంటుంటే లెక్కలు ఏం ఆపుతాయి?

చెక్కపొట్టు: డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపే మీటరు) అరువు తెచ్చి కొలిచా. బేరింగ్ దగ్గర ముల్లు కదల్లేదు. నట్టు దగ్గర లూజు బెడ్ మధ్యలో 0.34 మి.మీ., రెండు అంచుల్లో 0.11.

లేత్‌మాస్టారు: అయితే సగం మాట వెనక్కి తీసుకుంటున్నా. నట్టొక్కటే అరిగితే అంతటా ఒకే లూజు చూపాలి. మీకు స్క్రూ కూడా మధ్యలో అరిగింది, పనంతా అక్కడే కదా. మెత్తటి ఇత్తడిలో పొడి గుచ్చుకుంటే అదే ఉప్పుకాగితమై స్టీలును తినేస్తుంది. ఇప్పుడు బిగించే రకం ప్లాస్టిక్ నట్టు వేసి మధ్యలో సరిచేస్తే, అంచుల్లో పట్టేసి మోటారు స్టెప్పులు వదిలేస్తుంది. స్క్రూ, నట్టు రెండూ కొత్తవి వేయండి. వందల్లో తేలిపోతుంది.

తిరుగుడుపువ్వు: అంటే మూడేళ్లకి మళ్లీ ఇదే పోస్టు పెట్టమంటారు!

లేత్‌మాస్టారు: పెట్టనివ్వండి. మీ బాల్ స్క్రూ ఖర్చుతో ఎన్ని జతలొస్తాయో లెక్కేశారా? స్క్రూ మీద ముడతల తొడుగు వేసి, నాలుగు రోజులకోసారి తుడిస్తే ఇంకా ఎక్కువే వస్తుంది.

చెక్కపొట్టు: జత ఆర్డర్ పెట్టేశా. వచ్చేదాకా చెక్కను ఎడమ అంచుకి జరిపి బిగిస్తున్నా. నిన్నటి ప్లేటులో "నిలయం" సున్నా దాదాపు గుండ్రంగానే వచ్చింది. బావకి మాత్రం ఇంకా చెప్పలేదు.