ఇసుకలో పొయ్యి నిలవట్లేదు. తపేలా వేలాడదీసే ముక్కాలి గురించి తెలిసినవాళ్లు చెప్పండి

కావలి కోడలు:
ఏటా కార్తీకంలో మా ఇంటివాళ్లం ఇరవై మందిమి తుమ్మలపెంట సముద్రం ఒడ్డుకి వనభోజనాలకి పోతాం. సరుగుడు చెట్ల నీడన వంట. కార్తీకమంటే మన నెల్లూరోళ్లకి వానాకాలమే కదా, పోయినేడు ముందురోజు రాత్రంతా వాన. తడి ఇసుక గట్టిగా ఉంది కదా అని మూడు ఇటుకలు పెట్టి పప్పు తపేలా ఎక్కించాను. మంట సెగకి ఇటుకల కింద ఇసుక ఆరిపోయి, పొడిపొడిగా జారడం మొదలైంది. నేను గరిటె తిప్పుతూనే ఉన్నా, ఒక ఇటుక మెల్లగా దిగబడి తపేలా నా వైపు ఒరిగింది. సగం పప్పు నిప్పుల పాలు. మా ఆడపడుచు కూతురు అప్పుడే పక్కనుంచి లేచి నీళ్లకి పోయింది. ఆ పిల్ల అక్కడే కూర్చుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

అందుకని ఆన్‌లైన్‌లో మూడు కాళ్ల స్టాండు ఒకటి తెప్పించాను. సన్నటి అల్యూమినియం గొట్టాలు, ఒక గొలుసు, కొక్కెం. కానీ ఆ బొమ్మలో కుండకి బకెట్‌కి ఉన్నట్టు కాడ ఉంది. మన తపేలాకి కాడేదీ? కొక్కేనికి దేన్ని తగిలించాలి? పది లీటర్ల తపేలాని ఆ గొట్టాలు మోస్తాయా? లేకపోతే ఇక్కడే చేయించుకోవాలంటే ఏం కొలతలు చెప్పాలి?

అల్లూరు వెల్డింగ్:
అక్కా, ఆ స్టాండు పక్కన పెట్టేయండి. కాఫీ గిన్నెకైతే సరే గానీ పది లీటర్లకి కాదు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. సరుగుడు నిప్పులు మామూలు నిప్పులు కావు.

12 ఎమ్ఎమ్ ఇనుప కడ్డీ తీసుకోండి. మీటరుకి 888 గ్రాములు. ఒక్కోటి మీటరున్నర చొప్పున మూడు కాళ్లకి నాలుగు కిలోలు అవుతుంది, ఒక చేత్తో మోయొచ్చు. 8 ఎమ్ఎమ్ చవకని కొందరు అడుగుతారు, నేను చేసివ్వను. బరువు మోస్తుంది గానీ కాలు తగిలితే వంగిపోద్ది. మూడు కడ్డీల తలలు గుండ్రంగా వంచి ఒకే ఇనుప రింగులో గుచ్చాలి. మడిస్తే కట్టెల కట్టలా ఉంటుంది, తెరిస్తే నిలబడుతుంది. బండి మీద పోయేవాళ్లయితే కాలుని రెండు ముక్కలు చేసి మధ్యలో పైపు ముక్కతో అతుకు పెట్టించుకోవచ్చు, మీకు అక్కర్లేదు.

కాళ్ల మధ్య మీటరు ఎడం ఉంచండి. ఎత్తు నాలుగున్నర అడుగులు వస్తుంది. దగ్గరగా పెడితే గాలికి పడిపోద్ది. ప్రతి కాలి కింద మూడంగుళాల రేకు పలక వెల్డ్ చేయించండి, మీ ఇటుక దిగబడినట్టు కాలు దిగబడకుండా.

ఇంక తపేలా సంగతి. మన ఇళ్లలో ఉట్టి ఉండేది చూడండి, అదే ఇనుముతో. తపేలా అంచు కింద పట్టేలా ఒక రింగు, దానికి సమాన దూరంలో మూడు గొలుసులు, పైన ఒకే చోట కలిసి కొక్కెం. ఆ కొక్కేన్ని ముక్కాలి తల నుంచి వేలాడే గొలుసు లింకులో తగిలించాలి. రింగు లోపలి కొలత తపేలా ఒంటికంటే అరంగుళం ఎక్కువ, అంచుకంటే తక్కువ ఉండాలి. తపేలా తీసుకెళ్లి చూపించి చేయించుకోండి, నోటిమాటతో కొలత చెప్పొద్దు. మూడు గొలుసుల్లో లింకుల లెక్క తేడా వస్తే తపేలా వంకరగా వేలాడుతుంది.

ఒక్కటి మాత్రం చేతులెత్తి చెప్తున్నా. తెల్లగా మెరిసే జీఐ గొలుసు వద్దు. దాని మీద జింకు పూత 420 డిగ్రీలకే కరుగుతుంది, మంటలో తెల్లటి పొగ వస్తుంది. నేను కొత్తలో తలుపులు మూసి జీఐ పైపులు అతికాను. ఆ రాత్రి దుప్పట్లు నాలుగు కప్పినా వణుకు తగ్గలేదు, నోట్లో తియ్యటి ఇనుప రుచి. మీ పిల్లలు కూర్చునే చోట అది వద్దక్కా. నల్ల ఇనుము గానీ స్టెయిన్‌లెస్ గానీ వాడండి.

మార్కాపురం మాస్టారు:
మా వైపు నల్లమలలో ఇలాంటివి చూసి సరదా పడే కుర్రాళ్లకి ఒక మాట. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం. ఊరి పొలంలో, చెరువు గట్టున చేసుకోండి. ఇంకొకటి: రాతి బండ మీద పెడితే ముక్కాలి పాదాలు పక్కకి జారిపోతాయి. మూడు కాళ్లనీ కింద జానెడు ఎత్తులో ఒక గొలుసుతో చుట్టి కట్టండి. నైలాన్ తాడు మాత్రం వద్దు. వాగులో తడిసిన గుండ్రాళ్లు మంట చుట్టూ పేర్చొద్దు, లోపలి నీరు ఆవిరై పగిలి ముక్కలు ఎగురుతాయి. మా బడి పిల్లాడి కనుబొమ్మ దగ్గర మచ్చ అలాగే పడింది.

మైపాడు పెద్దమ్మ:
అమ్మాయ్, మంట ఇసుక మీద కాదు, జానెడు గుంట తీసి అందులో వేయి. తీసిన ఇసుక సముద్రం వైపు గట్టులా పోయి. మధ్యాహ్నానికి గాలి మళ్లితే తపేలా ఊగి, మంట ఒక పక్కకే తగులుతుంది. పొద్దున్నే వంట ముగించుకో. తిరిగొచ్చేటప్పుడు నిప్పుల మీద ఇసుక కప్పి రావద్దు. పైకి చల్లగా కనిపిస్తుంది గానీ లోపల గంటల తరబడి కాలుతూనే ఉంటుంది. మా మనవడు ఎవరో కప్పిన గుంట మీద ఉత్తికాళ్లతో అడుగేశాడు, అరికాలు మాని నడవడానికి నెల పట్టింది. బిందెడు నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోయి. చేయి పెట్టి చూసి అప్పుడు కదులు.

కావలి కోడలు:
అందరికీ దండాలు. అన్న చెప్పినట్టే మా ఊర్లో చేయించాను, తపేలా ఆటోలో పెట్టుకుపోయి మరీ. నిన్న తుమ్మలపెంటలో వండాం. పలకలున్న కాళ్లు రెండంగుళాలు దిగి ఆగిపోయాయి, మళ్లీ కదల్లేదు. ఇంతకాలం మంట తగ్గించాలంటే కట్టెలు బయటికి లాగేదాన్ని. ఇప్పుడు మా ఆయన కొక్కెం రెండు లింకులు పైకి తగిలిస్తే చాలు, పప్పు పొంగు ఆగింది. పప్పు ఉడికేటప్పుడు ఎక్కడ తగిలించాలి, సాంబారు మరిగేటప్పుడు ఎక్కడ తగిలించాలి అని గొలుసు మీద సున్నం చుక్కలు పెట్టుకున్నాను. నీళ్లు మూడు బిందెలు పట్టాయి పెద్దమ్మా, చేయి పెట్టి చూశాకే బయల్దేరాం.

అన్నా, మా అత్తకి మట్టి దాకలో పులుసు పెట్టాలని కోరికగా ఉంది. దాకకి అంచు పలచన, అంచు పట్టుకుని వేలాడదీస్తే విరుగుతుందేమోనని భయం.

అల్లూరు వెల్డింగ్:
దాకని అంచు మీద వేలాడదీయొద్దక్కా, విరుగుతుంది. రింగు దాని పొట్ట కింద కూర్చోవాలి, పొట్ట వెడల్పు కంటే రెండంగుళాలు చిన్నగా. మట్టి గట్టి కడ్డీకి నేరుగా ఆనకుండా రింగుకి సన్నటి ఇనుప తీగ చుట్టి ఇస్తా. మొదట సన్నసెగ మీద వేడెక్కనిచ్చి అప్పుడు గొలుసు మంట దగ్గరికి దించండి. ఆదివారం షాపు తీసే ఉంటుంది, దాక తీసుకురండి.