గేమ్ స్టూడియోలో జీతం లేని ఇంటర్న్‌షిప్: తమ్ముణ్ని పంపమంటారా?

పటమట అక్క:
మా తమ్ముడు గుంటూరులో బీటెక్ ఫైనలియర్. గేముల పిచ్చి. హైదరాబాద్‌లో ఒక చిన్న స్టూడియో వాళ్లు లెవల్ డిజైన్ (ఆటలో ఒక్కో దశనూ, దాని దారులనూ కట్టే పని) ఇంటర్న్‌గా రమ్మన్నారు. ఆరు నెలలు, జీతం లేదు. "పని నేర్చుకుంటాడు, బాగా చేస్తే చూద్దాం" అన్నారట. ఆ "చూద్దాం" దగ్గరే నాకు అనుమానం. నేను ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపులో లెక్కలు రాస్తాను, ఇంట్లో డబ్బుకు జవాబు చెప్పుకోవాల్సింది నేనే. హాస్టలు, తిండి, బస్సు కలిపితే నెలకు పది వేలకు తగ్గదు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ గేమింగ్‌లో 1,900 మందిని, యూనిటీ 1,800 మందిని తీసేస్తున్నట్టు చెప్పాయని వాడే అన్నాడు. "అవన్నీ అమెరికా గొడవలక్కా" అంటాడు మళ్లీ.

లెటర్ నేనే చదివాను. ఇక్కడ చేసిన పనంతా స్టూడియోదే, ఎప్పటికీ బయట చూపకూడదు, గేమ్‌లో పేరు వేస్తామన్న హామీ లేదు, అవసరమైతే ఆదివారం కూడా రావాలి. ఇది మామూలేనా?

బ్రాడీపేట కుర్రాడు:
యూనిటీ అంటే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అక్కా, మీ తమ్ముడు కూడా వాడే ఉంటాడు. నా ఉద్యోగం మాత్రం అచ్చంగా మన దేశపు కారణాలతోనే పోయింది. రమ్మీ యాప్‌లో స్క్రీన్లు డిజైన్ చేసేవాణ్ని. 2023 అక్టోబర్ నుంచి ఆడేవాళ్లు వేసే డబ్బు మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వచ్చింది, టీములో సగం ఖాళీ. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే గేములను నిషేధిస్తూ కేంద్రం చట్టం తెచ్చింది, మిగిలిన వాళ్లమూ ఇంటికే. ఏపీలో అయితే 2020 నుంచే ఆన్‌లైన్ రమ్మీ బంద్. నేను చేసిన స్క్రీను మా అమ్మ ఫోన్‌లో ఒక్కసారీ తెరుచుకోలేదు.

ఇప్పుడు అనుభవం ఉన్నవాళ్లే జూనియర్ పోస్టులకు వస్తున్నారు. ఫ్రెషర్లను ఊరికే చెయ్యమనే ధైర్యం అక్కడి నుంచే.

విడుదల కాని గేమ్ గురించి నోరు మెదపొద్దనడం మామూలే. విడుదలయ్యాక కూడా చూపొద్దంటే వాడి చేతిలో మిగిలేదేంటి? ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ ఎవరూ చూడరు. "నువ్వు కట్టిన లెవల్ ఏది? ఈ తలుపు ఇక్కడే ఎందుకు పెట్టావు?" అని అడుగుతారు.

కృష్ణలంక:
ఏ ఫీల్డయినా మొదట ఊరికే చెయ్యాలండి. సినిమావాళ్లు చెయ్యట్లేదా?

పటమట అక్క:
సినిమావాళ్లు కనీసం భోజనం పెడతారండి. వీళ్లు లాప్‌టాప్ కూడా వాణ్నే తెచ్చుకోమన్నారు.

గుణదల మాస్టారు:
పాసయ్యాక అప్రెంటిస్‌గా తీసుకుంటారేమో అడిగించమ్మా. 2019 నిబంధనల్లో డిగ్రీ చేసినవాళ్లకు నెలకు కనీసం 9,000 అని పెట్టారు, నాట్స్ అనే కేంద్ర అప్రెంటిస్ పథకం కింద ఆ కనీస మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది. 30 మంది, ఆపైన ఉన్న సంస్థలకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. చిన్న స్టూడియోకి ఆ నిర్బంధం లేదు కాబట్టి మాట మీరే ఎత్తాలి.

ఈలోగా గోడో ఇంజిన్ ఉంది, అదీ యూనిటీలాగే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేరే. ఉచితం, మామూలు లాప్‌టాప్ చాలు. బొమ్మల హంగులేవీ లేకుండా ఉత్త బూడిదరంగు డబ్బాలతో చిన్న లెవల్ కట్టి, ఫ్రెండ్స్‌తో ఆడించమను. ఆడుతున్నంతసేపూ వాడు పక్కన నోరు మూసుకుని కూర్చోవాలి, అదే కష్టం. ఎక్కడ దారి తప్పారో రాసుకుని, మార్చి, పాతదీ కొత్తదీ రెండూ నెట్‌లో పెట్టాలి. అది వాడి సొంతం, చూపొద్దనే వాడు ఉండడు.

పటమట అక్క:
స్టూడియోకి మెయిల్ పెట్టించాను. పేరు వేస్తారట. విడుదలయ్యాక చూపడానికీ, హాస్టల్ ఖర్చుకూ మాత్రం "మా పాలసీ ఒప్పుకోదు" అన్నారు. నేను వద్దన్నాను, వాడు అలిగి మాట్లాడట్లేదు. బ్రాడీపేట తమ్ముడూ, వాడి కాలేజీ మీ ఊళ్లోనే. శనివారం వస్తే వాడు కట్టిన లెవల్ ఒకసారి ఆడి చూస్తావా?

బ్రాడీపేట కుర్రాడు:
పంపండక్కా, నాలుగు తర్వాత. ఛార్జర్ తెచ్చుకోమనండి.